బూరెబుగ్గలోడి వంతెన

మా ఆయన కియోహరు మూడుసార్లు పడితే మా ఇంట్లో రాత్రి వంట పూర్తయ్యేది. పడటమంటే వీడియోగేమ్‌లో. ఆ ఆటలో మనిషికి మూడు ప్రాణాలు. ఒకటి పోయిన చప్పుడు వినగానే నేను చేప పొయ్యి మీద పెట్టేదాన్ని. రెండోది పోతే మిసో పులుసు వేడిచేసేదాన్ని. మూడోది కూడా పోయాక ఆయన ఆట మిషను ఆపి, "ఆకలే" అంటూ వచ్చేవాడు. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. నా చేప మాడుతోంది, లేదా పచ్చిగా దిగుతోంది.

ఆయన పెంకుల మేస్త్రీ. మా తకహామా ఊళ్లో బట్టీలవాళ్లు కాల్చిన పెంకులు ఇళ్ల మీద పరిచేవాడు. సముద్రం వైపు నుంచి గాలి లేస్తే చాలు, కప్పు మీద ఉన్నచోటే చతికిలబడేవాడు. తోటి పనివాళ్లు నవ్వినా లేచేవాడు కాదు.

ఆ ఆటలో ఒక తాళ్ల వంతెన ఉంది. దాని చివర మబ్బుముద్దలాంటి జీవి. మేము బూరెబుగ్గలోడు అనేవాళ్లం. ఆట రెండో భాగం కొన్నా, మూడోది కొన్నా వాడు మళ్లీ వచ్చాడు. ఊపిరి పీలుస్తాడు, బుగ్గలు ఉబ్బిస్తాడు, ఊదుతాడు. ఊదేటప్పుడు వంగి కూర్చోవాలి, పీల్చేటప్పుడు నడవాలి. వంటింట్లోంచి చూసే నాకే అది తెలిసింది.

"కూర్చోండీ! ఊదుతున్నాడు!"

"పొద్దంతా గాలికి జడిసి కూర్చునే వచ్చానే. ఇక్కడ కూడానా?" అని పరిగెత్తేవాడు. లోయలో పడి పకపకా నవ్వేవాడు. ఏ రోజూ వంతెన దాటలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం రెండు చప్పుళ్లే వినిపించాయి. ఆట మధ్యలో నిలిపి, వంటింటి దగ్గరకొచ్చి, "తల ఒక పక్కకి లాగుతోందే" అన్నాడు. ఆసుపత్రికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. మిషను మాత్రం ఎర్రదీపంతో వెలుగుతూనే ఉంది. పాతకాలంది, ఆటను దాచుకోలేదు. ఆపితే అంతా మొదటికే. క్లీనర్ తగిలితే ఆగిపోతుందేమోనని ఆ మూల చేత్తోనే తుడిచాను.

నలభైతొమ్మిదో రోజు కర్మకు ముందురోజు ఆయన అక్క, మా వదిన హత్సుయో గది సర్దడానికి వచ్చింది.

"ఇదేంటే సుమీ, ఇన్నాళ్లూ దీన్ని ఆపలేదా?"

"ఆయన ఒక ప్రాణం మిగిల్చి వెళ్లారు వదినా."

వదిన చేతిలోని పూలు కింద పెట్టింది. ముక్కు ఎగబీల్చి, "వాడికి చిన్నప్పట్నుంచీ అంతే, అన్నీ సగం సగం" అంది. "రేపు గురువుగారు మంత్రం చదువుతుంటే ఇది గుయ్యిమంటూ ఉంటుందా? ఆడితే ఆడు, ఆపితే ఆపు. ఏదో ఒకటి ఇవాళే తేల్చు."

టీవీ పెట్టాను. వంతెన నడిమధ్య ఆయన నిలిపిన మనిషి అలాగే ఉన్నాడు. ఆయనలా పరిగెత్తితే ఆ చివరి ప్రాణం నా చేతిలో పోతుంది. అది నా వల్ల కాలేదు. బూరెబుగ్గలోడు ఊదాడు, వంగాను. పీల్చాడు, నడిచాను. వేళ్లు చెమటకు జారుతున్నాయి.

"కూర్చో, కూర్చో! వెధవ, మళ్లీ ఉబ్బుతున్నాడు!" వదిన నా భుజం పట్టుకుని అరుస్తోంది.

దాటాను. పాట మారింది. ఎదురుగా మంచుకొండ.

"గట్టిదానివే! తమ్ముడు చూసుంటే ఇల్లు ఎగిరిపోయేలా గంతులేసేవాడు."

నాకు సంతోషం కలగలేదు. ఆ కొండ ఆయన చూడలేదు. ఇంతకాలం ఆయన ఎక్కడున్నాడంటే వంతెన మీద అని నాలో నేను చెప్పుకునేదాన్ని. ఇక్కడ నేనొక్కదాన్నే. వెనక్కి నడవబోతే తెర అంచు గోడలా అడ్డుకుంది.

ఇంకెవరో ఆపకముందే నేనే మీట నొక్కాను. ఎర్రదీపం ఆరింది.

"ఆ తీగ చుట్టి అల్మారాలో పడేయ్, కాళ్లకి తగులుతుంది" అంటూ వదిన లేచింది.

"సరే" అన్నాను. పూలకు నీళ్లు పోశాను. గదంతా ఊడ్చాను. వచ్చేవాళ్లకు ఆసనాలు వేశాను. తీగను మాత్రం ఆయన వేసినచోటే, చాప మీద అడ్డంగా అలాగే వదిలేశాను. రేపు గురువుగారు దాటుకుని వెళతారు.