నేలను తాకి లేచిన బంతి

నా చిన్నప్పుడు అమెరికాలో మా పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవాడు. వయసులో ఉండగా ఊరూరా బస్సులో తిరుగుతూ చిన్న చిన్న జట్లకు బేస్‌బాల్ ఆడాడట. పెద్ద జట్టు గడప ఏనాడూ తొక్కలేదు. బంతులు పట్టీ పట్టీ కుడిచేతి వేళ్లు మూడు వంకర తిరిగిపోయాయి. నేను ఆయన్ని 'తాతా' అనేదాన్ని. అదే తన పేరన్నట్టు ఆయన పలికేవాడు. ముప్పయ్యేళ్లు పేపర్లో ఆటల గురించి రాశాను, ఎందరో మొనగాళ్లను చూశాను. ఆయనంత ఆటగాడు నాకింకొకడు తగల్లేదు. ఎవరేమన్నా నా మాట ఇదే.

అప్పటికి మా ఊరు ఐసెలిన్‌లో ఇప్పటిలా మనవాళ్ల చీరల కొట్లూ లేవు, నగల కొట్లూ లేవు. డాక్టరుగా తీరికలేని మా నాన్న ఆదివారం మాత్రం పెరట్లో నాకు క్రికెట్ బంతులు వేసేవాడు. ఆ అలవాటుతోనే పదో ఏట బేస్‌బాల్ టీములో చేరాను. ఆడపిల్లను నేనొక్కదాన్నే. మొదటి మ్యాచ్‌లో బంతిని గట్టిగా కొట్టి, అది నేలమీద దొర్లుతూ తిన్నగా ఫీల్డర్ చేతిలోకి పోతుంటే హాయిగా నిలబడి చూశాను. క్రికెట్‌లో పరుగు తీయాలో వద్దో మన ఇష్టం కదా! బేస్‌బాల్‌లో కొట్టాక మొదటి మజిలీకి, అంటే బేస్‌కి, పరిగెత్తి తీరాలి. ఔటయ్యాను.

"బాల్ ఫీల్డర్ చేతిలో ఉంటే ఎవడన్నా రన్‌కి వెళతాడా? నువ్వు చేసింది కరెక్టేనమ్మా," అని కార్‌లో నాన్న నన్నే వెనకేసుకొచ్చాడు. రెండో మ్యాచ్‌లో పరిగెత్తాను గానీ, క్రికెట్‌లోలాగే బ్యాట్ చేతపట్టుకుని పరిగెత్తి, పోయి బేస్ మీద దాన్ని ఆనించాను. మైదానమంతా ఒకటే నవ్వు. ఇంకొక్కసారి ఇలా తలవంపులు తెస్తే టీములోంచి తీసేస్తానని కోచ్ అందరి ముందూ అనేశాడు.

ఇంటికొచ్చి కంచె పక్కన కూర్చుని ఏడ్చాను. తాత చూశాడు. ఓదార్చలేదు. మడతకుర్చీ మోసుకుని మా పెరట్లోకి వచ్చి, మీ ఆట ఒకసారి ఆడి చూపించండి అన్నాడు. నాన్న వేస్తుంటే నేను కొడుతుంటే, గంటసేపు ఊరికే చూశాడు. ఎన్ని తప్పులు పడతాడోనని నా భయం. చివరికి లేచి, "నేలమీద పడి లేచే బంతిని ఇంత తేలిగ్గా కొట్టేవాళ్లను నా జన్మలో చూడలేదు. అది మాత్రం వదులుకోకు," అన్నాడు. ఇంగ్లీషులోనే అనుకోండి. తప్పు దిద్దింది ఆ తరవాతే. కొట్టగానే బ్యాట్ వదిలెయ్, అది కింద పడ్డ చప్పుడు వినగానే పరిగెత్తు అన్నాడు. వారమంతా మా పెరట్లో అదే చప్పుడు.

శనివారం మ్యాచ్‌లో చివరిదాకా మేము ఒక పరుగు వెనకబడే ఉన్నాం. మావాళ్లిద్దరు రెండో బేస్ మీద ఒకరు, మూడో బేస్ మీద ఒకరు కాచుకుని ఉన్నారు. నేను ఔటైతే ఆట ముగిసినట్టే, టీములో నా చోటూ పోయినట్టే. అప్పటికే రెండు బంతులు తప్పిపోయాయి, మూడోది తప్పితే ఔటు. బంతి విసిరేవాడి చెయ్యి జారింది. అది నా ముందు నేలకు తగిలి లేచింది. బేస్‌బాల్‌లో బంతి నేలకు తగలకుండా రావాలి కనక అలాంటి బంతి జోలికి ఎవరూ పోరు. వదిలెయ్ అని కోచ్ కేక పెట్టాడు. నా చేతులు వింటేగా! లాగి కొట్టాను. బంతి అందరి తలల మీదుగా పోయి ఎక్కడో గడ్డిలో పడింది. బ్యాట్ దభీమని పడింది, నేను ఒకటే దౌడు. మావాళ్లిద్దరూ పరుగులు పూర్తి చేశారు. గెలిచాం!

నేలను తాకిన బంతిని కొట్టడమేమిటని అవతలి కోచ్ గోల చేశాడు. కొట్టొచ్చు, రూల్లో ఉంది అన్నాడు అంపైరు. ఆ మాట విన్నప్పటి ఆనందం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మర్నాడే మా కోచ్ ఫోన్ చేసి, ప్రాక్టీసుకు వచ్చి పిల్లలందరికీ అలాంటి బంతులు వేయమని నాన్నను అడిగాడు. ఆ రోజు నాన్న దర్జా చూడాలి! పిల్లలు వరుస కట్టేలోగా అందరికంటే ముందు వచ్చి నిలబడ్డది మా తాత. మూడు బంతులు వేస్తే మూడూ తప్పిపోయాయి. పిల్లలు నవ్వారు. ఆయన వాళ్లకంటే గట్టిగా నవ్వి, బ్యాట్ నా చేతికిచ్చి, మళ్లీ ప్రయత్నిస్తానంటూ వరుస చివరికి వెళ్లి నిలబడ్డాడు.

ఆయన పేరు ఏ పేపర్లోనూ పడలేదు. కానీ కొత్త ఆటగాణ్ణి చూడటానికి వెళ్లిన ప్రతిసారీ మొదటి గంట నేను కలం తీయలేదు, ఊరికే చూశాను. నాకు రాని పని ఎక్కడ కనబడినా, ఈ వయసులో కూడా, సిగ్గుపడకుండా వెళ్లి చిన్నవాళ్ల వెనక వరుసలో నిలబడుతున్నాను.