రంగు పట్టని ముక్క

కోల్‌కతా పక్కనున్న లిలువా రైల్వే వర్క్‌షాపులో తెలుగు ఫిట్టరు కూతురు కాసులమ్మ ఆ నగరంలోనే ఒక కేన్సరు పరిశోధనశాలలో టెక్నీషియన్. కడుపు కేన్సరు గడ్డల ముక్కలను మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు స్లైడ్ల మీద రంగు వేయడం ఆమె పని. గడ్డ చుట్టూ ఒంటిని కాపాడే కణాలు చేరి ఉంటే, వాటి మీది ప్రోటీను గోధుమరంగులో తేలుతుంది.

2008లో ఒక సోమవారం నలభై స్లైడ్లలో ఒక్కదానికీ ఆ రంగు రాలేదు. ఆ పరిశోధన నడిపే డాక్టర్ భానుమతి సంబరపడింది.

"ఈ గడ్డల దగ్గరికి కాపలా కణాలే రాలేదన్నమాట! శుక్రవారం సదస్సులో ఇదే చెప్తాను."

"సెప్పకండి మేడమ్. టాన్సిల్ ముక్కకీ రంగు రానేదు," అంది కాసులమ్మ.

గొంతులోని టాన్సిల్‌లో ఆ కణాలు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. రంగు సరిగా పనిచేసిందో లేదో తెలియడానికే ప్రతిసారీ గడ్డలతో పాటు దాని ముక్కకీ రంగు వేస్తారు.

"మళ్లీ నలభై కోయడానికి టైమెక్కడుంది?"

"నాను కోస్తాను. తప్పు మాట నా సేత్తో పంపనేను."

పాడైందనిపించిన పాత రంగు మందు సీసా పారేసి, కొత్తది తెరిచి, మూడు రోజులు కోత మిషను వదలకుండా పనిచేసింది. మెడ పట్టేసినా ఆగలేదు. గురువారం సాయంత్రానికి టాన్సిల్ ముక్క ముదురు గోధుమరంగులో తేలింది. నలభైలో పదిహేడు గడ్డల చుట్టూ కణాలు బారులు తీరి ఉన్నాయి.

భానుమతి అన్నీ చూసింది. సదస్సుకు రావడం లేదని ఫోన్ చేసి చెప్పేసింది.

"ఈ పదిహేడు మంది ఫైళ్లు తియ్యి కాసులమ్మా. ఈ కణాలు వాళ్లకేమైనా మేలు చేశాయేమో, వాళ్లిప్పుడు ఎలా ఉన్నారో చూద్దాం."