అంచున సూది గుర్తులు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క వాక్యం. "ఆ పోస్టు సంగతి నాకు ముందుగా తెలియదు." దాని కింద నా సంతకం ఉంది. ఆ సంతకాన్ని నమ్మి మా బాపు నా తరఫున మాటిచ్చాడు. బాపు మాటను నమ్మి ఒక పెద్దమనిషి తనకు జరిగిన అన్యాయాన్ని దిగమింగుకుని ఊరు విడిచి పోయాడు. చెప్పేద్దామని కూర్చున్నాక కూడా చేయి ఆడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? తప్పు దగ్గరా, సాకుల దగ్గరా? సాకులకైతే కొదవ లేదు. ఇన్నేళ్లూ వాటినే సాకుతూ వచ్చాను.

నారాయణపేట బస్టాండు దగ్గర నాకొక చిన్న దుకాణం ఉంది. జిరాక్సు, ప్రింటు, ఆన్‌లైన్ దరఖాస్తులు. మాది నేత కుటుంబం. బాపు ఇప్పటికీ మగ్గం దిగలేదు. నేను ఇరవై రెండేళ్లకే దిగిపోయాను. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు, మా ఊరు ఇంకా జిల్లా కాకముందు, అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాయి. అప్పుడే ఊరి పేరుతో ఒక గ్రూపు పెట్టాను. నల్లా నీళ్లు ఏ వాడకు ఎప్పుడొస్తాయి, ఏ బస్సు రద్దయింది, ఎవరి బర్రె తప్పిపోయింది, ఇవే అందులో సంగతులు. చూస్తుండగానే జనం వేలల్లో చేరారు. తహసీలు ఆఫీసులో కూడా "అడ్మిన్ సాబ్ వచ్చిండు" అనడం మొదలుపెట్టారు. జిరాక్సు తీసేవాణ్ణి సాబ్ అని ఎవరంటారు? ఉబ్బిపోయాను.

ఒక్క కట్టడి మాత్రం పెట్టుకున్నాను. గ్రూపులో ఎవరేం రాసినా ముందు నా ఫోనుకు వస్తుంది. నేను చదివి, సరే అని వేలితో నొక్కితేనే మిగతావాళ్లకు కనిపిస్తుంది. మా గ్రూపులో చెత్త ఉండదని అందరికీ గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దీని మీదే ఉంది.

కాసిం చాచా గురించి చెప్పాలి. బాపుకు ముప్పై ఏళ్ల దోస్తు. మా వాడలో అయిదారిళ్ల చీరలు తీసుకుని, సంచిలో పెట్టుకుని బస్సెక్కి, మహబూబ్‌నగర్‌లో టీచరమ్మలకూ నర్సమ్మలకూ అమ్మేవాడు. దుకాణం లేదు, బోర్డు లేదు. కాసిం తెచ్చాడంటే మగ్గం చీరే అన్న నమ్మకం ఒక్కటే ఆయన వ్యాపారం. నేను సొంతంగా నేసిన మొదటి చీరను నలుగురి ముందు తిప్పి ఇచ్చేసినవాడు కూడా ఆయనే. అంచు వంకర పోయిందన్నాడు.

తిప్పి ఇచ్చి ఊరుకోలేదు. మా మగ్గం దగ్గర కూర్చుని తప్పెక్కడో చూపించాడు. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా రెండంచుల మధ్య ఒక కర్ర బిగిస్తాం. దాని చివర్లకు సూదులుంటాయి, అవి అంచులో గుచ్చుకుని బట్టను లాగిపట్టుకుంటాయి. నేత సాగేకొద్దీ ఆ కర్రను ముందుకు జరుపుతూ పోవాలి. నేను బద్ధకంతో ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు జరిపేవాణ్ణి. చాచా తన వేళ్లతో కొలిచి, ఇంత నేయగానే జరపాలని చెప్పాడు. చీర మగ్గం దిగాక కూడా అంచు పొడవునా ఆ సూది గుర్తులు సన్నగా ఉండిపోతాయి. దూరం అన్నిచోట్లా ఒక్కలా ఉండదు, జరిపింది మనిషి కదా. "చేత్తో నేసిందని కొనేటోళ్లకు నేను గిదే చూపిస్త బేటా" అన్నాడు. పాఠం నేర్చుకున్నాను. కానీ నలుగురి ముందు తలవంచుకున్న సంగతి మరిచిపోలేదు.

ఒక మధ్యాహ్నం, దుకాణంలో గిరాకీ లేని వేళ, నా ఫోనుకు ఒక పోస్టు వచ్చింది. దొంగ పేరు. రాసిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. కాసిం అమ్మేవి చేనేత కావని, ఎక్కడినుంచో మిషన్ చీరలు తెచ్చి మన ఊరి పేరు చెప్పి అంటగడుతున్నాడని, మోసపోవద్దని. కింద ఒక ఫోటో, పరిచిన చీర, అంచు కనిపించేలా.

ఫోటోను పెద్దది చేసి చూశాను. ఎందుకు చూశాను? చూడకుండా నొక్కి ఉంటే ఇవాళ ఈ రాత ఉండేది కాదేమో, ఏదో తెలియక జరిగిందని నాకు నేనైనా చెప్పుకునేవాణ్ణి. చూశాను. అంచు వెంబడి సూది గుర్తులున్నాయి. ఒకటి దగ్గరగా, ఇంకొకటి కాస్త ఎడంగా, అచ్చం మనిషి జరిపినట్టు. అది మగ్గం చీర. మోసమని చూపించడానికి పెట్టిన ఫోటోలోనే నిజం కనిపిస్తోంది. ఆ గ్రూపులో దాన్ని పసిగట్టగలిగినవాళ్లలో నేనొకణ్ణి. పసిగట్టడం నేర్పింది చాచా.

వేలితో నొక్కాను.

ఆ వారం గ్రూపు చప్పగా ఉంది, ఇలాంటివి పెడితే జనం ఎగబడతారు, అదొక కారణం. అదొక్కటేనా? ఈసారి నీ చీరలు వెనక్కి వస్తాయి చాచా, అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, ఇప్పుడు కల్పించుకుంటున్నానా? అనుకున్నాననే రాస్తాను. ఇక్కడ కూడా తగ్గించి చెప్పేటట్టయితే ఈ రాత ఎందుకు?

సాయంత్రానికి ఊరంతా అదే మాట. కామెంట్లలో కొందరు చీర సంగతి వదిలేసి ఆయన మతం మీద పడ్డారు. అవీ చదివాను. ఒక్కటీ తీయలేదు. టీచరమ్మలు చీరలు తిప్పి పంపించారు. ఆయనకు నేసే ఇళ్లవాళ్లు ముఖం చాటేశారు. మా బాపు నేసిన చీరలు కూడా ఆయన సంచిలోనే ఉండిపోయాయి.

నాలుగో రోజు చాచా నా దుకాణానికి వచ్చాడు. సంచిలోంచి చీర తీసి, అంచు నా వైపుకు వచ్చేలా బల్ల మీద పరిచాడు.

"ఫోటోల ఉన్న చీర గిదే బేటా. టీచరమ్మ వాపస్ ఇచ్చింది. నువ్వు మగ్గం మీద కూసున్నోనివి. జర చూసి చెప్పు, ఇది మిషన్దా?"

నేను చీర మీద చేయి వేయలేదు. వేస్తే నా ముఖమే చెప్పేస్తుందని భయం.

"నేను రాయలే చాచా. ఎవడో రాసిండు. గ్రూపుల వేలమంది ఉన్నరు. ఎవరేం రాస్తరో నాకెట్ల తెలుస్తది?"

"రాసినోడెవడో నాకు తెల్వది. నువ్వు తెలుసు గనుకనే నీ దగ్గరికొచ్చిన. గా పోస్టు తీసెయ్యి. తీసి, చీర మంచిదే అని ఒక్క మాట రాయి. నీ మాట అందరు ఇంటరు."

"గట్ల తీయనీకె రాదు చాచా. తీస్తే నేను నీ తరఫున మాట్లాడిన్నంటరు."

ఆయన చీరను మడత చెదరకుండా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "సరే బేటా" అన్నాడు. అంతే.

వారం తిరక్కుండా రిజిస్టర్ పోస్టులో వకీలు నోటీసు వచ్చింది. చాచా బిడ్డ పంపించింది. పోస్టు తీసేయాలి, క్షమాపణ చెప్పాలి, లేకపోతే పరువునష్టం కేసు వేస్తామని. తెలిసిన వకీలు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చల్లగా చెప్పాడు. "బోర్డు పెట్టినోడు దాని మీద అంటించిన ప్రతి కాగితానికి జిమ్మేదారు కాడు. కానీ తెలిసి ఉంచితే వేరే సంగతి. నీకు ముందుగాల తెలుసా, దానంతట అదే పడ్డదా? గంతే నాకు కావాల్సింది."

"దానంతట అదే పడ్డది సార్" అన్నాను.

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చింది? ముందే తయారుగా ఉన్నట్టు వచ్చింది. ఆయన చెబుతుంటే జవాబు రాసుకుని, నా దుకాణంలో నేనే టైపు కొట్టి, నా ప్రింటరు మీదే తీసి సంతకం పెట్టాను. నోటీసు అందగానే పోస్టు తీసేశామని కూడా అందులో ఉంది. అది నిజం. ఆ రోజే తీసేశాను. దాంతో పాటు ఇంకొక పని చేశాను, అది ఎందుకు చేశానో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. ముందు నేను చూసి వదిలే కట్టడిని తీసిపారేశాను, ఎవరైనా అడిగితే నా అబద్ధం నిజంలా కనిపించాలని. ఇకనుంచి గ్రూపులో అందరికీ స్వేచ్ఛ అని ప్రకటించాను. జనం చేతులు జోడించిన బొమ్మలు పెట్టి నన్ను మెచ్చుకున్నారు.

చాచా బిడ్డ కోర్టుకు పోదామనే పట్టుబట్టిందట. చాచా మాత్రం ముందు మా ఇంటికి వచ్చాడు. నేను లోపలి గదిలో ఉన్నాను. బయట మగ్గం ఆగింది. నీ కొడుకు రాసిచ్చింది నిజమేనా అని బాపును అడిగాడు.

"మావోడు మొండోడే గానీ అబద్ధమాడడు కాసిం భాయ్. తెల్వదన్నడంటే తెల్వదు."

నాలుగడుగులు వేస్తే బయటికి వచ్చేవాణ్ణి. గోడకు ఆనుకుని నిలబడ్డాను. చాచా చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. నోటీసు మాట మళ్లీ ఎత్తలేదు. బాపు మాటను కాదని కోర్టుకు పోవడం ఆయనకు చేతకాలేదు. కోర్టు నుంచి నన్ను చట్టం కాపాడలేదు, బాపు మంచితనం కాపాడింది. దాన్ని దొంగిలించి వాడుకున్నాను.

ఏడాది తిరిగేసరికి చాచా ఇల్లు ఖాళీ చేసి మహబూబ్‌నగర్‌లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడు. పోయిన నెల అక్కడ పనిమీద పోయి ఒక బట్టల దుకాణంలో ఆయన్ను చూశాను. గడ్డం మొత్తం తెల్లబడింది. మిషన్ బట్ట కొలిచి చింపుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. "బాపు మంచిగున్నడా బేటా? నా సలాం చెప్పు" అన్నాడు. అక్కడే చెప్పేద్దామనుకున్నాను. గిరాకీ ఉంది కదా, పదిమంది ఉన్నారు కదా అనుకుని బయటపడ్డాను. మరో సాకు. ఆ సలాం ఈ రోజువరకూ బాపుకు చెప్పలేదు. చెబితే ఆయన చాచా ముచ్చట తీస్తాడు, "పాపం, ఎవడు రాసిండో" అంటాడు. ఎన్నోసార్లు అన్నాడు.

మీకు చెప్పడం సులువు. మీరు నా ముందు చీర పరచరు. చాచా ముందు నిలబడి చెప్పాలి, అది ఇంకా మిగిలే ఉంది. చెబితే క్షమిస్తాడా? క్షమిస్తే ఆ టీచరమ్మలు తిరిగి వస్తారా? నాకు క్షమాపణ దొరకాలని రాయడం లేదు. ఆ వాక్యం అబద్ధమని ఒక్కచోటైనా రాసి ఉండాలి, అంతే. రాశాక గుండె మీద బరువు కొంచెం జరిగింది. దిగలేదు.

పేరు పెట్టలేదు. ఊరివాళ్లకు పేరుతో పనిలేదు, ఆ గ్రూపు ఎవరిదో అందరికీ తెలుసు. పొద్దున్నే పాత కట్టడిని మళ్లీ పెట్టాను. దీన్ని గ్రూపుకు పంపాను. ఇప్పుడు ఇది నా ఫోనులోనే ఆగి ఉంది, నా వేలి కోసం. బాపు దగ్గర పెద్ద ఫోను లేదు. సాయంత్రానికి మా వాడలో ఎవరో ఒకరు ఆయన మగ్గం పక్కన కూర్చుని చదివి వినిపిస్తారు.

మొదటినుంచి చివరిదాకా చదివాను. తెలిసే వదులుతున్నాను.