పక్కింటి పందిరి గుంజలు

నా చిన్నప్పుడు నాకు కడుపుమంట ఎక్కువ. కొందరు పిల్లలకు ఊరికే జలుబు చేస్తుంటుంది చూడండి, నాకు అలా ఊరికే కుళ్లు పుట్టేది. పక్కింటివాళ్ల ఆవుదూడ మా దూడకంటే తెల్లగా ఉన్నా నాకు అన్నం సయించేది కాదు. అన్నింటికంటే ఎక్కువగా నన్ను కాల్చుకు తిన్నది మాత్రం వాళ్ల చిక్కుడు పందిరి.

మాది బోధన్ నుంచి వర్ని వెళ్లే దారిలో ఒక పల్లె. కాలువ నీళ్లు, ఎటు చూసినా చెరుకు. ఆ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కుని ఉండిపోయిన కుటుంబాలు మా వైపు చాలానే ఉన్నాయి. మా పక్కిల్లు అలాంటిదే. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, తల్లీ కూతురూ. ఆమెను మా బాపు 'చెల్లె' అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్తమ్మ అయింది. ఆమె భర్త నేను బడిలో చేరకముందే జ్వరంతో పోయాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసంటే, ఊరి బయట బావి లోతుగా ఉంటుందని తెలిసినట్టు తెలుసు, అంతే. అది నాకు సంబంధించిన విషయమని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ కూతురుది నా వయసే. బాపు చెరుకు తోట నుంచి వస్తూ ముందు వాళ్ల గుమ్మం దగ్గర ఆగేవాడు. మెత్తని గడ ఏరి ఆ పిల్లకు ఇచ్చి, తర్వాత మా ఇంటికి వచ్చేవాడు. అంగడికి పోయి పలకలు తెస్తే రెండు తెచ్చేవాడు, కానీ ముందు ఎంచుకోమని చూపించేది ఆ పిల్లకే. నాకు మిగిలింది వచ్చేది. రెండూ ఒకేలా ఉండేవి, అయినా నాకు మిగిలిందే వచ్చింది కదా! నేను మూతి ముడుచుకుంటే బాపు నవ్వి నా తల మీద ఒక్కటి తట్టి వెళ్లిపోయేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

ఒక చలికాలం అత్తమ్మ గిన్నెనిండా చిక్కుడుకాయ కూర పంపింది. బాపు రెండు ముద్దలు తిని, చెయ్యి ఆపి, "అబ్బ! గిసుంటి కూర నేనెన్నడు తినలే. చెల్లె పందిట్ల ఏం మహిమున్నదో గని!" అన్నాడు. రోజూ వండిపెట్టే మా అమ్మకు పట్టలేదు, మా అవ్వకు పట్టలేదు. నేను మాత్రం కంచం పక్కకు నెట్టేశాను. ఆ పూటే నిశ్చయించుకున్నాను. నేను పందిరి వేస్తాను, నా చిక్కుడుకాయలు తిని బాపు అదే మాట అనాలి, అది కూడా పక్కింట్లోకి వినిపించేటట్టు అనాలి. ఆ వయసులో నాకు అంతకు మించిన కోరిక లేదు.

తొలకరి పడగానే అవ్వను వేధించి విత్తనాలు తీసుకున్నాను. గోడ పక్కన గుంతలు తీసి, పేడ ఎరువు వేసి పెట్టాను. మొక్కలు బాగానే లేచాయి. జానెడు పెరిగి, దేన్ని పట్టుకుందామా అని గాలిలో తలలు ఊపడం మొదలుపెట్టాయి. ఇక గుంజలు కావాలి. గుంజలంటే పందిరిని మోసే నిలువు కర్రలు. అత్తమ్మ వాళ్లు వాటినే రాటలనేవారు.

ఇక్కడే చెరుకు పండించే ఇంటి పిల్ల బుద్ధి పనిచేసింది. కర్రల కోసం ఊరంతా తిరగడం ఎందుకు? మా తోట నిండా గడలే కదా! పొడుగు ఉంది, లావు ఉంది, పైగా నున్నగా నిగనిగలాడుతూ ఎంత అందంగా ఉంటాయి! పక్కింటి నల్లటి మొద్దు గుంజల కంటే నా పందిరి వెయ్యి రెట్లు సోకుగా ఉంటుందనుకున్నాను. బాపును అడిగి అన్నింటికంటే లావుపాటి గడలు కొట్టించుకుని, నాలుగు మూలలా పాతి, పైన అడ్డంగా ఇంకొన్ని గడలు పరిచి, నారతో కట్టాను. బాపు చూసి మీసాల చాటున నవ్వుకున్నాడే తప్ప వద్దనలేదు. అవ్వ మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని, "ఏందే పిచ్చిపొల్లా, చెరుకుగడలతోని పందిరేస్తరా ఎవలన్న? దాని మీద తీగ పాకుతదా, చీమలు పాకుతయా?" అంది. నేను వినలేదు. అవ్వకు కూడా ఆ ఇంటివాళ్లే ఇష్టమని అనుకున్నాను.

అవ్వ అన్నట్టే ముందు చీమలు వచ్చాయి. తర్వాత మా దూడ కట్టు తెంపుకుని వచ్చి ఒక మూల గుంజను సగం దాకా కమ్మగా నమిలేసింది. దాని చోట ఇంకో గడ పాతాను. భూమిలో ఉన్న కణుపులు చిగురు పెడితే నా గుంజలు కూడా పెరుగుతున్నాయని మురిసిపోయాను. అదే సమయంలో మట్టి లోపల చెదలు తినేస్తున్నాయని నాకేం తెలుసు? పైన గడలు ఎండి, బెండులా తేలికైపోయాయి. తీగ మాత్రం పాపం, నన్ను నమ్ముకుని పందిరి నిండా అల్లుకుంది. ఊదారంగు పూత వచ్చింది. రోజూ బడి నుంచి రాగానే గోడ మీంచి పక్కింటి పందిరి చూసి, నా పందిరి చూసి, పూగెలలు పోల్చుకునేదాన్ని. ఒకరోజు నావే ఎక్కువ అనిపించింది. ఆ రోజు రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

దీపావళికి ముందు గాలివాన ఒకటి కొట్టింది. బడి నుంచి తడుచుకుంటూ వచ్చేసరికి నా పందిరి నేల మీద బోర్లా పడి ఉంది. గుంజలన్నీ మొదళ్ల దగ్గర పుటుక్కున విరిగాయి. పూత బురదలో కలిసిపోయింది. గోడ అవతల వాళ్ల పందిరి మాత్రం ఏమీ జరగనట్టు నిలబడి, ఆకుల మీద నీళ్లు దులుపుకుంటోంది. నేను ఏడ్చానో అరిచానో చెప్పలేను కానీ, ఆ పందిరి కూలితే బాగుండునని మాత్రం మనసారా అనుకున్నాను.

మర్నాడు గోడెక్కి ఆ గుంజలను పరీక్షగా చూశాను. నల్లగా, నునుపుదేలి, రాయిలా ఉన్నాయి. రెండింటికి పైకొసన పాత ఇనుప పట్టీ కూడా ఉంది. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటూ దిగి, మా వాకిట్లో ఉన్న ఎడ్లబండిని చూడగానే తెలిసిపోయింది. బండి నొగలు! బండి నుంచి ముందుకు పొడుగ్గా సాగి, చివర ఎడ్ల మెడ మీది కాడిని పట్టి ఉంచే రెండు దూలాలు. వాళ్ల మహిమంతా ఇదన్నమాట! దొంగ దొరికినంత సంబరపడ్డాను.

ఆ సాయంత్రం అత్తమ్మ తొలి కోత చిక్కుడుకాయలు కొంగులో పోసుకుని మా ఇంటికి వచ్చింది. బాపు అరుగు మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. ఆ కాయలను చూసేసరికి నేను ఆగలేకపోయాను. "బాపూ, మన బండి నొగలు ఊడబీకి నాకియ్యి. వాళ్ల పందిరికి గవే ఉన్నయి. నాకు గుడ గవే గావాలె!" అన్నాను.

బాపు కప్పు కింద పెట్టేశాడు. అవ్వ లోపలి నుంచి ఒక్క ఉదుటున వచ్చి, "నీ నోట్ల మన్నువడ! ఏం మాటనే అది?" అంటూ చెయ్యెత్తింది. అత్తమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "చిన్నపిల్ల, దానికేం తెలుసండీ," అని కాయలు అరుగు మీద పోసి, నన్ను రెక్క పట్టుకుని వాళ్ల పెరట్లోకి తీసుకుపోయింది. ఇక దెబ్బలు అక్కడ పడతాయనుకున్నాను.

పందిరి కింద ఆ పిల్ల ఒక గుంజకు వీపు ఆనించి కూర్చుని ఎక్కాలు చదువుకుంటోంది. అత్తమ్మ నా అరచెయ్యి తీసి ఇంకో గుంజకు ఆనించింది. "ఇవి మీ మావయ్య బండి నొగలమ్మా. ఆయన పోయాక ఎడ్లను అమ్మేశాం. తోలేవాడు లేని బండి వాకిట్లో నిలబడి ఉంటే చూడలేకపోయాను. విప్పించి, కోయించి, రాటలు వేయించాను. మీ నాన్న బండి తోలుతున్నంతకాలం ఇలాంటి రాటలు నీకొద్దు తల్లీ," అంది. కోపం లేదు, ఏడుపు లేదు. కూర ఎలా వండాలో చెప్పినట్టు చెప్పింది.

నాకు కూడా ఏడుపు రాలేదు. కానీ వెనక్కి తిరిగి, గోడ మీంచి మా వాకిలి చూశాను. మా బండి ఉందా లేదా అని చూశాను. ఉంది. దాని పక్కన ఎడ్లకు మేత వేస్తూ బాపు కూడా ఉన్నాడు. అయినా ఎందుకో మళ్లీ చూశాను.

మర్నాడు అత్తమ్మే నన్నూ ఆ పిల్లనూ వెంటబెట్టుకుని కాలువ గట్టుకు తీసుకుపోయింది. అక్కడ ఎప్పుడో కొట్టిపడేసిన తుమ్మకొమ్మలు ఎండి ఉన్నాయి. వాటిలో గుంజకు ఏది పనికొస్తుందో చూపించింది. గోటితో గిచ్చితే గోరు దిగకూడదు. రాయితో కొడితే డొల్లగా కాదు, ఖంగుమని మోగాలి. నున్నగా ఉన్నదాన్ని చూసి మోసపోకూడదు, లోపల చేవ ఉందా అని చూడాలి. పైకొసన పంగ ఉంటే అడ్డకర్ర కూర్చోవడానికి వీలు. వంకర ఉన్నా ఫరవాలేదంది. ఇంటికొచ్చాక, చెద పట్టకుండా మొదళ్లను మంటలో నల్లగా కాల్చింది. మోచేతి లోతు గుంతలు తవ్వి, చుట్టూ రాళ్లు దట్టించి నిలబెట్టాం. తర్వాత పడిపోయిన తీగను ముగ్గురం చేతుల మీద లేపి, పందిరి మీద పరిచాం. ఆ పిల్ల ఒక్కో కొసను పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, పైన అడ్డంగా పరిచిన కంది కట్టెకు చుట్టింది. విరిగిన చోట మట్టి పూసింది. నేను ఆ పిల్లతో ఆ రోజు దాకా సరిగ్గా మాట్లాడిందే లేదు. ఆ రోజు కూడా ఎక్కువ మాట్లాడలేదు కానీ, ఆ పిల్ల మోస్తున్న కట్టె ఇంకో కొస పట్టుకున్నాను.

పోయింది పోగా మిగిలిన తీగ సంక్రాంతి దాటాక కొన్ని కాయలు కాసింది. అమ్మ వండింది. నేను బాపు ఎదురుగా కూర్చుని ఆయన నోరే చూస్తున్నాను. ఆయన తిని, "బాగనే ఉన్నది గని, ఉప్పు జెర తక్కువైంది," అన్నాడు. అంతే! ఏడాదిపాటు నేను దేనికోసం కొట్టుకున్నానో ఆ మాట రానేలేదు. విచిత్రం ఏమిటంటే నాకు మండలేదు. లేచి ఉప్పు తెచ్చి ఆయన కంచంలో వేశాను. చెరుకు నింపుకుని చక్కెర ఫ్యాక్టరీకి పోయిన మనిషి, బండి తోలుకుని ఇంటికి వచ్చి, నా ముందు కూర్చుని అన్నం తింటున్నాడు కదా అనుకున్నాను.

ఇప్పుడు నిజామాబాద్‌లో మిద్దె మీద కుండీల్లో చిక్కుడు పెంచుతున్నాను. నా మనవరాలు ఫోన్‌లో చూసి, ఆకుపచ్చ రంగు పూసిన ఇనుప కడ్డీలు తెప్పించింది. బాగానే ఉన్నాయి, నేనేమీ అనను. ఈ వయసులో కడుపుమంట పోయిందని చెబితే అది అబద్ధం. పక్క ఫ్లాటులో ఉండే ఆమెను చూస్తే ఇప్పటికీ రగులుతుంది. ఆమె చీరలు, ఆమె కోడలి మర్యాద, ఎప్పుడూ చుట్టాలతో కళకళలాడే ఆ ఇల్లు. రగలనీ అనుకుంటాను. కానీ కాయలను చూసి ఊరుకోను. ఈ పందిరి ఏ గుంజల మీద నిలబడిందో అని ఆగి చూస్తాను. దగ్గరకు పోయి, కాసేపు కూర్చుని, చాయ తాగి, మాట కలిపితే మెల్లగా తెలుస్తుంది. తెలిశాక చాలాసార్లు లేచి ఇంటికి వచ్చేస్తాను. నా తుమ్మ గుంజలే నాకు చాలనిపిస్తుంది.