బస్సులో విప్పిన కొలను

ఇరవై ఏళ్ల కిందటి మాట. శామీర్‌పేటలో అక్క కొత్తిల్లు చూద్దామని భీమవరం నుంచి వచ్చి, మేడ్చల్‌లో బస్సెక్కాను. కానుకగా ఒక ఫ్రెంచి ఇంప్రెషనిస్టు చిత్రం నకలు తెచ్చాను. తోటలో కొలను, నీటి మీద కలువలు. దగ్గర్నుంచి చూస్తే అన్నీ రంగు మరకలే. చుట్టిన కాగితం నలిగిందేమోనని ఒళ్లో విప్పి చూసుకుంటుంటే, పక్క సీట్లోని పెద్దామె వంగి చూసింది.

“సద్దుల బతుకమ్మ తెల్లారి మా ఊరి కుంట గిట్లనే ఉంటుండె,” అంది.

మా వైపు బతుకమ్మ ఆడరు. పేర్చిన పూలను నీళ్లలో వదులుతారని విన్నానుగానీ, మర్నాడు వాటిని చూడటానికి ఎవరైనా వెళ్తారని తెలియదు.

“నేను, మా చెల్లె పొద్దుగాల్నే ఉరుకుతుంటిమి, ఎవల పూలు యాడిదాంక పొయినయో సూసెతందుకు. చెల్లె కాలం జేసింది. కుంటను పూడ్చి పిలాట్లు జేసిన్రు.”

ఆమె వేలు నీలం రంగు మీది గులాబి మరకల వెంట మెల్లగా కదిలింది. “మీరే ఉంచుకోండమ్మా,” అన్నాను.

“వద్దు బిడ్డా. ఇంట్ల పెట్టుకుంటే దినాం పానం కొట్టుకుంటది. గిప్పుడు జర సూడనియ్, సాలు.”

ఆమె టికెట్ తీసుకున్న ఊరు వచ్చిందని కండక్టర్ అరిచాడు. ఆమె తలెత్తలేదు. కాగితం ఒక అంచు ఆమె చేతిలో ఉంది; నేను రెండో అంచు పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. బస్సు ఆగి, మళ్లీ బయల్దేరింది.