ఇంటికి రెండు సంచులు

నా చిన్నప్పుడు, వానలు మొహం చాటేసిన ఒక ఏడాది, పాన్‌గల్ దగ్గరి మా ఊరికి లెక్కలు రాసుకునే సారు ఒకాయన వచ్చాడు. ఇంటికి సగటున రెండు సంచుల జొన్నలకు తక్కువుంటేనే ఊళ్లో గంజి కేంద్రం పెడతారట. అందరి ఆశా ఆ గంజి మీదే.

పటేల్ ఇంట్లో యాభై సంచులున్నాయి. మిగతా ఇరవై తొమ్మిది ఇళ్లూ ఊడ్చితే పది. సారు మా అరుగు మీద కూర్చుని, అరవైని ముప్పైతో భాగించమని నన్ను అడిగాడు. భాగహారం నాకు పక్కింటి అక్క చింతగింజలు పేర్చి నేర్పింది. చప్పున "రెండు" అన్నాను. ఆయన మురిసిపోయి నాకో పెన్సిలిచ్చి, కరువు లేదని రాసుకున్నాడు. బుద్ధిలేనిదాన్ని, ఆ పెన్సిలు పట్టుకుని ఊరంతా తిరిగాను.

పొద్దుగూకినాక మా నాయనమ్మ, ఇంట్లో మా నలుగురికని కాల్చిన నాలుగు జొన్నరొట్టెలూ తీసి చిన్నాయన పళ్లెంలో పెట్టింది. నా పళ్లెం ఖాళీ. నేను ఏడుపు మొహం పెట్టాను.

"ఏందే, తలకొక రొట్టె వడ్డది గద! గిది నీ లెక్కనే. తిను."

తర్వాత నా రొట్టెతో పాటు తన దాంట్లో సగం కూడా నాకే పెట్టింది.

గంజి రాలేదు. వారం తిరగకముందే పక్కింటి అక్క వాళ్లూ, ఇంకో తొమ్మిది ఇళ్ల వాళ్లూ మట్టిపనికి లారీ ఎక్కారు. అక్క తలుపుకు తాళం వేసి, చింతగింజల సంచి నా చేతిలో పెట్టి, "లెక్కలు మర్వకు చెల్లె" అంది. ఆమెను లారీ ఎక్కించింది నా లెక్కేనని చెప్పే ధైర్యం లేకపోయింది. ఆమె మళ్లీ రాలేదు.

మరుసటి ఏడు అదే సారు, అదే ఇస్త్రీ చొక్కాతో దిగాడు. అవే అరవై సంచులు. తాళం పడ్డ ఇల్లు ఆయనకు ఇల్లే కాదు. ఈసారి తనే ఇరవైతో భాగించుకుని, "రెండు నుంచి మూడుకు ఎదిగింది మీ ఊరు!" అని మెచ్చుకున్నాడు.

మా నాయనమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇంక పదిండ్లు పోనియ్యి సారూ, ఆరైతయి."

ఆ మహానుభావుడు అదీ పొగడ్తే అనుకుని నవ్వాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. టీవీలో టై కట్టుకున్న వాడెవడో తలసరి ఆదాయం పెరిగిందని పళ్లికిలిస్తే ఒళ్లు మండుతుంది. పటేల్ మనవడి సంపాదనలో ముక్క తెచ్చి, కూలికి పోయే దాని తల మీద పెట్టి, నీదీ ఇంతేనని చెప్పడానికి సిగ్గూ శరమూ ఉండవు వీళ్లకు. నోరారా తిడతాను. తిడుతూ తిడుతూ ఆగిపోతాను. ఆ రోజు అరుగు మీద రెండు అన్న నోరు కూడా ఇదే.

చింతగింజల సంచి ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఎవరైనా ఊరు ఎదిగిందంటే ముందు తాళం పడ్డ ఇళ్లు లెక్కపెట్టమని మనవరాలికి చెబుతుంటాను. లెక్క బాగా చేశావని పెన్సిలిస్తే మాత్రం తీసుకోవద్దంటాను.