యుద్ధనౌక మీది మనుషులకు బొట్టు

2023 అక్టోబరు. మనామా సూక్ అనే అరబ్బు బజారు వెనక సందులో, పాత ఫోటోలు బాగుచేసి ఫ్రేము కట్టే షాపు మాది. జగిత్యాల నుంచి వచ్చి ఈ పనిలోనే తల నెరిసింది. నాకు కాస్త నోటి దురుసు. తొందరపెట్టేవాళ్ళను కూర్చోబెట్టి మరీ తిడతాను.

శేషగిరిరావు గారు మాత్రం ఎన్నడూ తొందరపెట్టలేదు. రాజమండ్రి మనిషి, ఇక్కడ ఓడలు రిపేరు చేసే యార్డులో ఇంజనీరు. అమెరికా అంతర్యుద్ధంలో మిసిసిపీ నది మీద తిరిగిన యుద్ధనౌకల ఫోటోలంటే ఆయనకు పిచ్చి. ఆన్‌లైన్ వేలంలో కొని, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చేవారు.

ఆ రోజు భార్య లలితమ్మతో వచ్చారు. ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. ఆయన అట్టపెట్టె తెరిచి బల్ల మీద పెట్టారు.

"చూడవయ్యా, మా ఆవిడ ఏం చేసిందో!"

ఫోటోలో ఒక నౌక. పై అంతస్తులో వరసగా నిలబడ్డ నావికులు. ఒక్కొక్కరి నుదుటా ఆవగింజంత కుంకుమ బొట్టు! నవ్వొచ్చింది గానీ, ఆయన ముఖం చూసి మింగేశాను.

"మొత్తం తుడిచెయ్యి. నీళ్ళు పెట్టయినా సరే."

"జర ఆగుండ్రి సార్. నీళ్ళు తగిలితే బొట్టుతోని మొఖం గూడ పోతది."

అది ఆల్బుమెన్ ప్రింట్. ఆ రోజుల్లో కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసి, ఆ పొరలో బొమ్మ తెప్పించేవారు. తడి తగిలితే పొర పాడవుతుంది. ఈ సంగతి చెబుతుంటే లలితమ్మ ఉలిక్కిపడింది.

"కోడిగుడ్డా? రామరామ! దేవుడి గదిలో పెట్టేశానే! ఇన్నేళ్ళలో ఒక్క ముక్కయినా చెప్పారా మీరు?"

ఆయన ఆవిడ వైపు చూడలేదు. అమావాస్య నాటి నుంచి ఇంట్లో మాటల్లేవట. "ఇలాంటిది మళ్ళీ దొరకదు. అన్నీ అమ్మిపారేస్తా, పీడా వదులుతుంది. ఇంక ఆ ఇంట్లో ఏదీ దాచుకోను" అన్నారు. ఆ మాటకు లలితమ్మ భోరుమంది.

"అసలు ఎందుకు పెట్టిన్రమ్మా?" అన్నాను. అప్పటిదాకా ఎవరూ ఆవిడను ఆ మాట అడగలేదని చూస్తేనే తెలుస్తోంది.

"పెద్దల అమావాస్య కదా బాబూ. మా అత్తగారికీ మావగారికీ బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. వీళ్ళంతా బాయిలరు మీద గుండు పడి, ఆవిరికి ఉడికి చచ్చిపోయారని ఈయనే ఎన్నోసార్లు చెప్పారు. పాపం వీళ్ళకెవరు పెడతారులే అని, తీసుకొచ్చి పక్కన పెట్టి, అగరుబత్తి పుల్లతో జాగ్రత్తగానే పెట్టాను. ఇంత రాద్ధాంతం అవుతుందనుకోలేదు."

శేషగిరిరావు గారు కుర్చీ లాక్కుని కూలబడ్డారు.

నేను భూతద్దం సర్దుకుని పొడి కుంచెతో మొదలుపెట్టాను. పైపొడి రాలుతోంది, ఎరుపు ఛాయ మిగులుతోంది. ఒక బొట్టు దగ్గర ఆగాను. అది మనుషుల వరసలో లేదు. కింద, ఫిరంగి కిటికీ చీకట్లో ఉంది.

"ఇది చెయ్యి జారి పడ్డదా అమ్మా?"

"లేదు బాబూ. అక్కడా ఒకతను ఉన్నాడు. తొంగి చూస్తున్నాడు."

భూతద్దం దగ్గరగా జరిపాను. నిజమే! సగం ముఖం, కిటికీ అంచు పట్టుకున్న చెయ్యి. ఆయన్ను పిలిచి చూపించాను. ఆయన వంగిన తల చాలాసేపు ఎత్తలేదు.

"ఇన్నేళ్ళుగా చూస్తున్నాను" అన్నారు చివరికి. "ఫిరంగులు చూశాను, పొగగొట్టాలు చూశాను. ఇతన్ని చూళ్ళేదు లలితా."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీకెప్పుడూ ఓడ గొడవేగా" అంది.

ఆయన నా చేతిలోని కుంచె తీసి పక్కన పెట్టారు. "ఇంక తుడవకయ్యా."

"రేపు అమ్మబోతే కొనేటోడు దొరకడు సార్."

"అమ్మేదెవరు? ఫోటోకి తగలకుండా ఎడంగా అద్దం వేసి కట్టు. వచ్చే పెద్దల అమావాస్యకి అద్దం మీద బొట్టు పెడుతుంది."

మరక కనిపిస్తే చాలు, చెయ్యి కుంచె మీదికి పోయే పని మాది. ఆ రోజు నుంచి ముందు నోరు తెరుస్తున్నాను, తిట్టడానికి కాదు. ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడిగాకే కుంచె పట్టుకుంటున్నాను.